ఎవరి పేరు వాళ్లకి: నత్సుమే గురించి మీరు అడిగినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే యానిమే (జపాన్ కార్టూన్) సిరీస్ మీద ఉన్నాయి: 'నత్సుమే యూజిన్‌చో'. యూజిన్ అంటే స్నేహితుడు, చో అంటే పుస్తకం. తల్లిదండ్రులు పోయి బంధువుల ఇళ్లల్లో ఒకచోట నుంచి ఇంకోచోటికి మారుతూ పెరిగిన నత్సుమే తకాషి అనే కుర్రాడికి, ఎవరికీ కనపడని యోకాయ్‌లు (జపాన్ జానపద కథల్లోని వింత జీవాలు) కనిపిస్తుంటాయి. అమ్మమ్మ రేకో వదిలి వెళ్లిన పుస్తకం అతని చేతికొస్తుంది. అందులో ఆమె పందెంలో ఓడించిన యోకాయ్‌ల పేర్లుంటాయి. ఆ పేర్లు తిరిగి ఇచ్చేయడమే కథ. యూకి మిదొరికావా గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) దీనికి మూలం. ఉత్తరాలన్నిటికీ విడివిడిగా జవాబివ్వడం కుదరదు కాబట్టి, ఒకే విషయం అడిగినవాటిని కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

సీజన్లకి నంబర్లు లేకుండా ఒక్కోదానికి ఒక్కో పేరు ఉంది. ఏది ముందు, ఏది తర్వాత?
— డిగ్రీ విద్యార్థిని, రాజమండ్రి

నంబర్లు ఉన్నాయండీ, జపనీస్‌లో ఉన్నాయి. మొదటి సీజన్‌కి తోక ఏమీ లేదు. 2008 జూలైలో మొదలైంది. రెండోదాని పేరు ముందు 'జోకు' అని ఉంటుంది, కొనసాగింపు అని అర్థం (2009). ఆ తర్వాత పేరు చివర 'సాన్' అంటే మూడు (2011), 'షి' అంటే నాలుగు (2012), 'గో' అయిదు (2016), 'రోకు' ఆరు (2017), 'షిచి' ఏడు (2024). చాలామంది పొరబడేది షి, షిచి దగ్గరే. జాబితాలో రెండూ ఒకేలా కనిపించి, మూడో సీజన్ అవ్వగానే ఏడోది తెరిచేస్తారు. బొమ్మ తీరు కాస్త మారినట్టు అనిపిస్తే ఓసారి సంవత్సరం చూసుకోండి.

మొదటి నాలుగూ 13 ఎపిసోడ్ల చొప్పున 52, అయిదు, ఆరు 11 చొప్పున 22, ఏడోది 12. మొత్తం 86. ఒక్కోటి 24 నిమిషాలు లెక్కేసుకుంటే దాదాపు 34 గంటలు. 2018లో వచ్చిన సినిమాని ఆరో సీజన్ తర్వాత చూడండి. 2021లో వచ్చిన రెండు చిన్న కథలు ఆ తర్వాత. మొదటి నాలుగు సీజన్లు బ్రెయిన్స్ బేస్ స్టూడియో తీసింది, అయిదు నుంచి షుకా. తకహిరో ఒమోరి మొదటి నుంచీ వెంట ఉండటంతో నడక చెడలేదు. ఏడో సీజన్‌కి ఆయన ముఖ్య దర్శకుడు, దర్శకత్వం హిదేకి ఇతో.

రోజుకి రెండు ఎపిసోడ్లు మించి చూడకండి. చాలావరకు ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే ముగుస్తుంది. అయిదారు వరసగా చూస్తే వచ్చి వెళ్లిన యోకాయ్‌లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇంకో మాట, తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ తీసేయండి. ముగింపు పాట చాలాసార్లు ఆఖరి సన్నివేశం మీదే మెల్లగా మొదలవుతుంది. అక్కడ కోస్తే సగం కథ పోయినట్టే.

పేరు తిరిగి ఇచ్చేటప్పుడు నత్సుమే కాగితం నోట్లో పెట్టుకుంటాడు. అలా ఎందుకు? ఆ తంతు వివరంగా చెప్పండి.
— హైదరాబాద్ నుంచి ఇద్దరు, నెల్లూరు నుంచి ఒకరు

ఈ సిరీస్‌కి గుండెకాయ ఆ తంతే. మొదటి ఎపిసోడ్‌లోనే పూర్తిగా చూపిస్తారు.

ముందు ఆ యోకాయ్ ముఖాన్ని మనసులో నిలుపుకోవాలి. పుస్తకం తెరిచి, "నన్ను కాపాడినదానా, ఆ పేరు చూపించు" అనే అర్థం వచ్చే మాటలు అంటాడు. పేజీలు వాటంతటవే గబగబా తిరుగుతాయి. ఒకచోట ఆగుతాయి. ఆ ఒక్క కాగితం గాలి లేకుండానే నిటారుగా లేచి నిలబడుతుంది. దాన్ని తీసి పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులూ చప్పుడయ్యేలా జోడించి, మనసు ఒకచోట నిలిపి ఊపిరి వదులుతాడు. అక్షరాల సిరా కాగితం మీంచి విడివడి, దారంలా సాగి, ఎదురుగా ఉన్న యోకాయ్ నుదుట్లోకి పోతుంది. మళ్లీ చూసేటప్పుడు ఆ సిరాని గమనించండి. అక్షరాలు చెరిగిపోవు, కాగితం వదిలి కదిలిపోతాయి.

నోట్లో ఎందుకంటే, పేరు విడిపించడానికి కావలసింది రేకో ఉమ్మి, రేకో ఊపిరి. ఆమె లేదు. ఆమె రక్తం పంచుకున్నవాడు తకాషి ఒక్కడే. అందుకే పుస్తకం ఇంకెవరి చేతిలో ఉన్నా యోకాయ్‌లకి ఆజ్ఞలు వెయ్యగలరేమో గానీ పేరు మాత్రం తిరిగివ్వలేరు. పుస్తకం దొంగల చేతిలో పడితే కథ అంత బిగిసేది ఇందుకే. పేరున్న కాగితం చింపితే ఆ యోకాయ్ ఒళ్లు చీలుతుంది, కాలిస్తే కాలుతుంది.

పేరు వెళ్లేటప్పుడు దాంతోపాటు రేకో జ్ఞాపకం ఒకటి తకాషిలోకి వస్తుంది. అమ్మమ్మని అతను ఎప్పుడూ చూడలేదు. ఇచ్చిన ప్రతి పేరుకీ ఆమె ముఖం ఒక ముక్క దొరుకుతుంది, చేతిలో పుస్తకం ఒక కాగితం పలచబడుతుంది. బలం కూడా పోతుంది. ఒక్క పేరు ఇచ్చాక కూలబడిపోవడం అందుకే.

తప్పెక్కడ జరుగుతుందంటే, రెండో ఎపిసోడ్ చూడండి. త్సుయుకామి అనే చిన్న దేవుడి పేరున్న కాగితం ఇంకొకరి కాగితానికి అంటుకుపోయి ఉంటుంది. కారణం ఒక్క మెతుకు. రేకో అన్నం తింటూ పుస్తకం తిరగేసిందన్నమాట. లాగితే చిరుగుతుంది, చిరిగితే ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆ రెండో యోకాయ్‌ని వెతికి పట్టుకొచ్చి ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలి. ఎండిపోయిన అన్నం మెతుకు మీద ఒక కథ మొత్తం నిలబెట్టడం మాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

మిగతా యోకాయ్‌లు ఎవరికీ కనపడవు, ఆ లావు పిల్లి మాత్రం అందరికీ ఎలా కనిపిస్తుంది?
— ఏడో తరగతి, ఖమ్మం

అది పిల్లి కాదు నాన్నా, పిల్లి బొమ్మలో ఉన్న యోకాయ్. అసలు పేరు మదరా, నత్సుమే పిలిచేది 'పిల్లి సెన్సేయ్' అని, అంటే పిల్లి గురువు. జపాన్ దుకాణాల్లో చెయ్యెత్తి కూర్చునే అదృష్టపు పిల్లి బొమ్మ ఉంటుంది చూశావా, అందులో దాన్ని బంధించారు. మొదటి ఎపిసోడ్‌లో నత్సుమే పరుగెత్తుతూ కట్టు తాడు తెంపేయడంతో బయటపడింది. ఎన్నో ఏళ్లు ఆ బొమ్మలో ఉండి ఉండి ఆ రూపం అలవాటైపోయింది. బొమ్మ వస్తువు కాబట్టి అందరికీ కనిపిస్తుంది. తెల్లని పెద్ద మృగంగా మారితే మాత్రం మామూలు మనుషులకి కనపడదు. రెండు గొంతులూ కజుహికో ఇనోయే అనే ఒక్క నటుడివే. నత్సుమే చనిపోయాక మిగిలిన పుస్తకం తనకి ఇవ్వాలన్న షరతు మీద అది కాపలా ఉంటోంది.

మా పాపకి ఎనిమిదేళ్లు. చూపించవచ్చా?
— ఒక తల్లి, డాలస్

చూపించవచ్చు, వరసగా మాత్రం వద్దు. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. టోపీ పెట్టుకున్న ఒంటరి నక్కపిల్ల కథ అది. నచ్చితే దాని కొనసాగింపు మూడో సీజన్ ఎనిమిదిలో ఉంది. మొదటి సీజన్ పదకొండు కూడా పిల్లలకి బాగుంటుంది, అది పిల్లి సెన్సేయ్‌ది. ఆ తర్వాత మొదటి ఎపిసోడ్‌కి రండి. అందులో ఒంటి కన్ను యోకాయ్ తరుముతుంది, పక్కన మీరు కూర్చుంటే చాలు.

ఆపి ఉంచవలసినవి: మూడో సీజన్ ఆరు, ఏడు. మతోబ అనే భూతవైద్యుడు మొదట వచ్చేది అక్కడే. యోకాయ్‌లని హింసించే మనుషులు కనిపిస్తారు. అదే సీజన్ పది, పదకొండులో స్నేహితుడు తనుమ కంట్లో అద్దం పెంకు పడి, అతన్ని యోకాయ్ ఆవహిస్తుంది. నాలుగో సీజన్ మొదటి రెండూ నత్సుమేని పట్టుకుపోయే కథ. ఇవి పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక చూడొచ్చు.

మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ భయపెట్టదు గానీ ఏడిపిస్తుంది. దేవుడు ఎందుకు మాయమైపోయాడని పాప అడుగుతుంది, జవాబు సిద్ధం చేసుకుని కూర్చోండి.

సరదాగా తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకుంటున్నాను. యోకాయ్‌ని దెయ్యం అనొచ్చా? వరసలు ఎలా పెట్టాలి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

దెయ్యం వద్దు. మనకి దెయ్యం అంటే చచ్చినవాళ్లు తిరిగి రావడం. జపనీస్‌లో దానికి 'యూరే' అని వేరే మాట ఉంది. ఈ సిరీస్‌లో కనిపించేవాటిలో చచ్చిన మనుషులు దాదాపు లేరు. చెట్లవీ, నీళ్లవీ, పాత వస్తువులవీ, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియనివీ. యోకాయ్ అనే ఉంచేయండి, పది నిమిషాల్లో చూసేవాళ్లకి అలవాటవుతుంది. మధ్యలో 'అయకాషి' అని వినిపిస్తే కంగారు పడొద్దు, దాదాపు అదే అర్థం. భూతవైద్యుడు మాత్రం మన దగ్గర ఉన్న మాటే, కథలో ఆ పని చేసే నతోరికీ మతోబకీ చక్కగా సరిపోతుంది. త్సుయుకామి ఉండే 'హొకొరా'ని గుడి అంటే పెద్దదైపోతుంది. గూడంత గుడి అనండి. ఆయన అసలు దేవుడు కాదు. ఖాళీగా ఉన్న గూట్లో చేరిన బాటసారి యోకాయ్, వాన పడితే ఊరివాళ్లు మొక్కడం మొదలుపెట్టారు. మొక్కేవాళ్లు తగ్గేకొద్దీ ఒళ్లు చిన్నదైపోయి, చివరికి అరచేతిలో పట్టేంతయ్యాడు.

పేర్ల సంగతి. నత్సుమే అన్నది ఇంటిపేరు. జపాన్‌లో మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తిప్పి రాస్తాయి, మీరు తిప్పకండి. బడిలో స్నేహితులు తనుమ, తకి, కితమోతో అందరూ ఒకరినొకరు ఇంటిపేరుతోనే పిలుచుకుంటారు, అది వాళ్ల మర్యాద. అతన్ని తకాషి అని పిలిచేది ఆ ఇంట్లో ఇద్దరే, పెంచుకుంటున్న తోకో, షిగేరు దంపతులు. ఆ ఒక్క మాటలో అతనికి ఇల్లు దొరికిందని తెలుస్తుంది. పొరపాటున అందరి నోటా తకాషి అని రాశారో, అది పోతుంది.

వరసలు కలపొద్దు. వాళ్లు దూరపు బంధువులు కదా, పిన్నీ బాబాయ్ అని రాయాలని చెయ్యి లాగుతుంది. అతను మాత్రం వాళ్లని 'తోకో సాన్', 'షిగేరు సాన్' అనే అంటాడు. 'తోకో గారూ', 'షిగేరు గారూ' అని, 'మీరు' అని రాయండి. వాళ్లు అతన్ని 'నువ్వు' అనాలి. ప్రేమ ఉండీ చొరవ తీసుకోలేని ఆ దూరం అలాగే ఉండాలి. రేకో విషయంలో జపనీస్‌లో 'సోబో' అనే ఒక్క మాటే, అమ్మమ్మకీ నాయనమ్మకీ అదే. తెలుగులో తప్పించుకోలేం. ఆమె తల్లి వైపు, కాబట్టి అమ్మమ్మ.

ఆ ఊరు నిజంగా ఉందా? జపాన్ వెళ్తున్నాం, చూడొచ్చా?
— దంపతులు, విశాఖపట్నం

కథలో ఊరి పేరు చెప్పరు. బొమ్మలకి ఆధారం మాత్రం క్యూషు దీవిలో కుమమోతో ప్రాంతంలోని హితోయోషి, దాని చుట్టుపక్కల పల్లెలు. రచయిత్రిది కూడా కుమమోతోనే. కుమా నది, దాని మీది వంతెనలు, కొండ అంచున పొలాలు చూస్తే గుర్తుపడతారు. ఊళ్లో ఆవోయ్ అసో మందిరం తప్పక చూడండి. 1610 నాటి కట్టడం, నిటారుగా ఎత్తైన గడ్డి కప్పు. 2008లో, అంటే సిరీస్ మొదలైన ఏడాదే, దాన్ని జాతీయ సంపదగా ప్రకటించారు. అక్కడి కుమా షోచు బియ్యంతో కాచే సారా, పిల్లి సెన్సేయ్ వదిలిపెట్టని రకం.

2020 జూలైలో కుమా నది పొంగి ఊరు బాగా దెబ్బతింది. యత్సుషిరో నుంచి నది వెంబడి వెళ్లే రైలు మార్గం కూడా కొట్టుకుపోయింది. పాత ప్రయాణ పుస్తకాల్లో ఆ రైలు గురించి ఇంకా రాసి ఉంటుంది, దాన్ని నమ్ముకుని బయల్దేరకండి. ఫుకువోకా నుంచి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో కుమమోతో గంటలోపే, అక్కడి నుంచి హైవే బస్సులో సుమారు గంటన్నర. పల్లెల్లో బస్సులు తక్కువ కాబట్టి చివరి బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి. చిన్న చిన్న మందిరాలు ఇళ్ల మధ్యలో ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు ఇళ్లు, మనుషులు పడకుండా చూసుకోండి.