మెయిల్ కొట్లో దింపకండి

ప్రశ్న: మాస్టారూ, మాది అంబాజీపేట. కొబ్బరికాయల కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. కొట్లో కంప్యూటర్ పాతది, ర్యామ్ 2 జీబీ. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. లారీ కదిలేలోగా ఆర్డర్ చూడలేక ఒకటే టెన్షన్. ఇదివరకు మెయిల్ ప్రోగ్రామ్ ఒకటి వేసుకుంటే హార్డ్‌డిస్క్ పోయి, దాంతోపాటు మూడేళ్ల మెయిల్స్ పోయాయి. ఓనరు గారు ఇప్పటికీ దెప్పుతారు. మళ్లీ వేసుకోమంటారా?
— ఒక గుమాస్తా

జవాబు: వేసుకోండి. అప్పుడు తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, మీరు పెట్టిన పద్ధతిది. బహుశా పాప్ అనే పద్ధతిలో పెట్టి ఉంటారు. అది సర్వర్ (మన మెయిల్స్ దాచే కంపెనీ వాళ్ల కంప్యూటర్) దగ్గరున్న సరుకంతా తెచ్చి మన కొట్లో, అంటే మన కంప్యూటర్‌లో దింపుతుంది. అక్కడ కాపీ ఉంచమని టిక్కు పెట్టకపోతే అక్కడ ఖాళీ. ఇక మన కొట్టు కప్పు కారితే అంతే సంగతులు.

ఈసారి ఐమాప్ అని పెట్టండి. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి ఇది. మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, మనం అక్కడున్నదాన్నే చదువుతాం. కంప్యూటర్ మూలపడ్డా మెయిల్‌కి ఢోకా లేదు.

ప్రోగ్రామ్ అంటారా, పాలకొల్లులో మా ఇంట్లో కూడా 2 జీబీ డొక్కు లాప్‌టాపే. అందులో క్లాజ్ మెయిల్ (Claws Mail) అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఉచితం, విండోస్‌కీ లైనక్స్‌కీ ఉంది. ముందు ఎవరు పంపారు, ఏ విషయం, ఏ తేదీ అన్న వరసలే తెస్తుంది. మీరు నొక్కితేనే లోపలి మేటర్ వస్తుంది. అందుకే అంత తేలిక. చూడ్డానికి మాత్రం బోసిగా ఉంటుంది. రంగురంగుల ప్రకటనల మెయిల్ కూడా ఉత్త అక్షరాలుగానే కనిపిస్తుంది. నాకైతే అదే హాయి. లోడు రేటు చూసుకోడానికి రంగులెందుకండీ!

మీరు ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. రోజూ కొట్టేది ఇక్కడ పనిచేయదు. గూగుల్ అకౌంట్‌లో రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ అడగండి. 16 అక్షరాలది ఇస్తుంది, దాన్నే ఇక్కడ కొట్టాలి. ఐమాప్ గడిలో పోర్టు అన్నచోట 993 కొట్టి, ఎస్ఎస్ఎల్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) ఎంచుకోండి. మెయిల్ పంపడానికి ఎస్ఎంటీపీ అని వేరే గడి ఉంటుంది. అదీ నింపాలి, లేదంటే చదవడమే తప్ప జవాబివ్వలేరు.

ఇంకోటి. ఐమాప్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. ఇది తెలియక కిందటి సంక్రాంతికి ఇంట్లో ఖాళీగా కూర్చుని, ‘అసలు సర్వర్‌లో ఉంది కదా’ అని పాతవన్నీ తీసేశాను. అరగంటకి వంటింట్లోంచి కేక: “ఏవండీ, నా ఫోన్‌లో మనవడి ఫోటోలేవీ?” ఇద్దరిదీ ఒకటే అకౌంటు మరి. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులుంటాయి కాబట్టి దొరికాయి. అప్పటినుంచి డిలీట్ కొట్టే ముందు మా ఆవిడ పర్మిషన్ తీసుకుంటున్నాను.