దుబాయి ప్రయాణం, చెరువు డబ్బు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మావారు నాలుగెకరాల్లో వనామీ రొయ్యలు సాగు చేస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచరును, జీతం 24 వేలు. పిల్లలు ఎనిమిది, అయిదు తరగతులు చదువుతున్నారు. మావారి చిన్ననాటి స్నేహితుల కుటుంబాలు మూడు డిసెంబరు ఆఖరి వారంలో దుబాయి వెళ్తూ మమ్మల్నీ రమ్మంటున్నాయి. వారిలో ఒకరికి రైసు మిల్లు ఉంది, ఒకరు కాంట్రాక్టరు, మరొకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భీమవరం ఏజెంటు అయిదు రాత్రులకు మనిషికి 82 వేలు చెప్పారు. బ్యాంకులో 3 లక్షల 20 వేలు ఉన్నాయి. 25 నెలల 5 లక్షల చీటీలో 11 నెలలు కట్టాం, ఇప్పుడు పాడితే 4 లక్షలు వస్తాయని మావారు అంటున్నారు. నా నగలు పెట్టి వ్యవసాయ రుణం తీసుకుంటే వడ్డీ తక్కువని ఆడపడుచు సలహా. అక్కడ నాలుగు కాసుల బంగారం కొంటే ఖర్చు కలిసొస్తుందట. మేత డీలరుకు 2 లక్షలు ఇవ్వాలి. వెళ్లమంటారా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు రావలసిన మాట చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టుగా వచ్చింది. మేత డీలరుకు ఇవ్వవలసిన 2 లక్షలు బ్యాంకులో మీ పేరున ఉన్నా అవి మీవి కావు. ఆ బాకీ తీస్తే మిగిలేది 1 లక్షా 20 వేలు. రాబోయే పంటకు పిల్ల తేవాలి, చెరువు సిద్ధం చేయాలి, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు కట్టాలి. ఇవన్నీ ఆ 1 లక్షా 20 వేల కోసమే ఎదురుచూస్తున్నాయి. అందుచేత ఈ డిసెంబరులో వెళ్లవద్దని, వచ్చే దసరాకు తప్పకుండా వెళ్లమని నా సలహా.

ఏజెంటు చెప్పిన ధర చొప్పున నలుగురికీ 3 లక్షల 28 వేలు అవుతుంది. దానిమీద టీసీఎస్, అంటే ఏజెంటు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, ఉంటుంది. విదేశీ యాత్రా ప్యాకేజీలకు 2026 ఏప్రిల్ 1 నుంచి 2 శాతం వసూలు చేస్తున్నారు కనుక మీకు 6,560 పడుతుంది. హైదరాబాదుకు రానుపోను 12 వేలు అనుకుందాం. ప్యాకేజీలో ఉదయం ఫలహారం, రాత్రి భోజనం ఉన్నా మధ్యాహ్నం తిండి సాధారణంగా మన ఖర్చే. మనిషికి 30 దిర్హాముల చొప్పున అయిదు రోజులకు 600 దిర్హాములు, దిర్హాముకు 24 రూపాయలు వేస్తే 14,400. బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తుకు ఎక్కడం, పిల్లలు అడిగే ఒకటి రెండు వినోదాలు కలిపి 25 వేలు, కొనుగోళ్లకు 50 వేలు. అంతా కూడితే దాదాపు 4 లక్షల 36 వేలు తేలుతుంది. హోటలులో గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల వరకు అక్కడి ప్రభుత్వం తీసుకునే టూరిజం రుసుము ప్యాకేజీలో కలిసి ఉందో లేదో కూడా అడగండి, చాలామంది దాన్ని కౌంటరు దగ్గర కట్టవలసి వచ్చినప్పుడే మొదటిసారి వింటారు.

ఈ లోటును చీటీతో పూడ్చడం నాకు సమ్మతం కాదు. ఇప్పుడు పాడితే 5 లక్షల చీటీకి చేతికి వచ్చేది 4 లక్షలు, పైగా మిగిలిన 14 నెలలూ వాయిదాలు కడుతూనే ఉండాలి. తొందరపడి పాడినందుకు వదులుకునే ఆ లక్ష మీ నలుగురిలో ఒకరి ప్యాకేజీ ధరకంటే ఎక్కువ.

నగల మీద వ్యవసాయ రుణం ఇంకా ఇబ్బందికరమైన ఆలోచన. ఆ తక్కువ వడ్డీ సాగు ఖర్చు కోసం ఇచ్చేది, విమానం టికెట్టు కోసం కాదు. ఆ మాట పక్కన పెట్టినా, మీ ఇంట్లో బంగారం నగ మాత్రమే కాదు, పంటకు కాపలా కూడా. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ తెగులు తగిలి నలభై రోజులకే చెరువు పట్టేయవలసి వచ్చినప్పుడు, లేదా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు జరిగినట్టుగా కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర, ఒక్కసారిగా కుంగినప్పుడు, మీ చేతిలో మిగిలే ఆధారం ఆ నగలే. అవి అప్పటికే బ్యాంకు లాకరులో తాకట్టులో ఉంటే తరువాతి పంటకు పెట్టుబడి మళ్లీ మేత డీలరు దగ్గరే పుట్టాలి, అప్పుడు మేత ధరా ఆయనదే, రొయ్య కొనే ధరా ఆయనదే అవుతుంది. పర్సనల్ లోను గురించి మీరు అడగలేదు కాని, ఎవరో ఒకరు చెప్పకమానరు. 4 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు 19,205 రూపాయలు కట్టాలి, అంటే మీ జీతంలో అయిదింట నాలుగు వంతులు.

ఇక బంగారం. గల్ఫులో రెండేళ్లు పనిచేసి కోనసీమకు తిరిగివచ్చే ఆడవారి చేతులకు గాజులు చూసి ఈ మాట పుట్టి ఉంటుంది. వారికి వర్తించే నిబంధన మీకు వర్తించదు. ఆభరణాలపై కస్టమ్స్ మినహాయింపు, అంటే ఆడవారికి 40 గ్రాములు, మగవారికి 20 గ్రాములు, ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే. అయిదు రోజులకు వెళ్లొచ్చే మీరు నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు, తెస్తే సుంకం కట్టవలసిందే. పైగా 2024 జులై బడ్జెటులో మన దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు అక్కడికీ ఇక్కడికీ ధరలో తేడా బాగా తగ్గింది. తరుగు, మజూరీ కలుపుకుంటే నరసాపురంలో మీకు తెలిసిన కంసాలి దగ్గర కొనడమే సుఖం. ఇక్కడి నుంచి బరువైన నగలు వేసుకుని వెళ్లదలిస్తే, బయలుదేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ ధ్రువపత్రం తీసుకోండి.

స్నేహితులతో వెళ్లే ప్రయాణంలో అసలు ఖర్చు ప్యాకేజీ కాగితంలో కనిపించదు. నలుగురిలో ఎవరి చేయి పెద్దదో వారి కొలతే అందరికీ కొలత అవుతుంది. మిల్లు యజమాని సూర్యాస్తమయం వేళకు బుర్జ్ ఖలీఫా ఎక్కుదామంటారు, ఆ వేళ టికెట్టు ధర మామూలు కంటే ఎక్కువ. రాత్రి భోజనం దగ్గర పెద్దలు తాగినదానికి బిల్లు నాలుగు భాగాలు అవుతుంది, మీవారు నిమ్మరసం తాగినా ఒక భాగం మీదే. దీనికి పరిష్కారం అక్కడికి వెళ్లాక మొహమాటపడడంలో లేదు. వ్యాను, మంచినీళ్లు ఉమ్మడి ఖర్చు, తిండి, టికెట్లు, కొనుగోళ్లు ఎవరివి వారివి అని ఇక్కడే, అడ్వాన్సు కట్టకముందే మాట్లాడుకోవాలి. చిన్ననాటి స్నేహితుల దగ్గర మీవారు ఈ మాట అనడానికి సిగ్గుపడనక్కర్లేదు. నా అనుభవంలో ఇటువంటి మాట ఒకరు అనగానే ఊపిరి పీల్చుకునే కుటుంబం ఇంకొకటి ఉంటుంది, బహుశా ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిదే కావచ్చు.

డిసెంబరు ఆఖరి వారం అక్కడ ఏడాదిలోకెల్లా ఖరీదైన రోజులు. కొత్త సంవత్సరం బాణాసంచా చూడడానికి ప్రపంచమంతా అక్కడ దిగుతుంది. సంక్రాంతి సెలవులు మరో మార్గం, కాని ఆ మూడు రోజులు మీవారి స్నేహితులు భీమవరం వదిలి వస్తారంటే నేను నమ్మను. వచ్చే ఏడు దసరా అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. అప్పటికి అక్కడి ఎండ తగ్గుముఖం పడుతుంది, రద్దీ ధరలు ఇంకా మొదలుకావు, మీ చీటీ కూడా దాదాపు చివరికి వస్తుంది కనుక పాటలో పోయేది స్వల్పం. మీ జీతం నుంచి నెలకు 8 వేలు రికరింగ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 96 వేలు, వడ్డీతో దాదాపు లక్ష. చీటీలో 2 లక్షలు దీనికి, మిగిలినది పిల్లల చదువుకు విడిగా. నాలుగు రాత్రులు, మొత్తం 3 లక్షలు, అంతకు మించి పైసా లేదని మీరిద్దరూ ముందు ఒక మాట అనుకోండి.

ఆ డబ్బులో అక్కడ బాగానే తిరగవచ్చు. వంటగది ఉన్న అపార్టుమెంటు హోటలులో దిగితే తిండి ఖర్చు సగమవుతుంది, అయితే ఇంటి మసాలా పొడిలో గసగసాలు ఉంటే తీసుకువెళ్లవద్దు, అవి ఆ దేశంలో నిషిద్ధం. మెట్రోలో సిల్వర్ నోల్ అనే ప్రయాణ కార్డు వాడితే దూరాన్నిబట్టి 3 నుంచి 7.5 దిర్హాములు సరిపోతాయి. క్రీక్ దాటించే అబ్రా పడవకు మనిషికి ఒక్క దిర్హాము. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటిన మీ పిల్లలకు అన్నిటికంటే అదే నచ్చినా ఆశ్చర్యం లేదు. కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లోనా, దిర్హాముల్లోనా అని అడిగితే దిర్హాములే ఎంచుకోండి, రూపాయల్లో అంటే మారకం రేటు వారిష్టం.

టీసీఎస్‌గా కట్టినది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ మీద వసూలు చేశారో వారు రిటర్ను వేసి పన్నులో సర్దుకోవచ్చు, లేదా తిరిగి పొందవచ్చు. విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు చేసినవారు ఆదాయం తక్కువైనా రిటర్ను వేయవలసిందే. రొయ్యల చెరువు ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందికి రాదు కనుక మీవారు ఇంతవరకు రిటర్ను వేయకపోయి ఉంటే, ఏజెంటు కంటే ముందు ఆడిటరును కలవడం మంచిది.

స్నేహితులు డిసెంబరే కావాలంటే ఈసారికి రాలేమని ఈ వారంలోనే చెప్పండి. ఏజెంటుకు అడ్వాన్సు ఇప్పటికే కట్టి ఉంటే, రద్దు చేస్తే ఎంత తిరిగి ఇస్తారో, ఏ తేదీలోగా చెప్పాలో రాతపూర్వకంగా తీసుకోండి.