చేలో గువ్వలు, మిల్లులో పావురాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నూర్పులయ్యి మామిడి పిందె పట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చే ఉత్తరాల్లో పిట్టల గొడవే ఎక్కువ. ఈసారి అయిదింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వరి తీసిన మడి దున్ని పెసర విత్తాం. ఎకరానికి ఏడు కిలోలు పడింది. నాలుగో రోజు పొద్దున్నే పావురాలు, గువ్వలు గుంపుగా దిగాయి. చేను పలచబడింది. చెడగొట్టి మళ్ళీ విత్తాలా?
– ఒక రైతు, చీపురుపల్లి మండలం

జవాబు: తొందరపడకండి. ముందు పోయింది గింజో మొలకో చూడండి. గువ్వ గానీ పావురం గానీ కోడిలా కాళ్ళతో మట్టి గీకదు. ముక్కుతో పైమట్టిని అటూ ఇటూ తోసి, కనబడిన గింజను ఏరుకుంటుంది. అంటే అది తిన్నది మట్టి కప్పని గింజే. వరి మడి దున్నితే పెళ్ళలు పెద్దవిగా లేస్తాయి. గింజ ఆ పెళ్ళల సందున పడి, పైనుంచి చూసే పిట్టకు పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. పెళ్ళలు చితికేదాకా దున్ని, గింజను నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేసి, పైన చదును చేస్తే సగం బాధ తీరుతుంది. గొర్రు మలుపు తిరిగే గట్టు వారన, బస్తా విప్పిన చోట గింజ ఒలుకుతుంది. మొదటి పావురం దిగేది అక్కడే. ఒలికిన గింజను ఎత్తేయండి, లేదా లోతుగా పూడ్చండి. అది మందు పట్టించిన గింజయితే తప్పకుండా పూడ్చాలి. ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన గింజ తిన్న పిట్ట చస్తుంది. మీ కోళ్ళు కూడా అక్కడికే వస్తాయి.

గింజ మొలిచాక కథ మారుతుంది. పెసర, మినుము మొలకెత్తితే రెండు పప్పుబద్దలూ మట్టి పైకి వస్తాయి. గువ్వకు కావలసింది ఆ బద్దలే. వంగి చూడండి. బద్దలు పోయినా మధ్యలో చిగురు నిలిచి ఉంటే మొక్క కొన్నాళ్ళు నీరసించినా తేరుకుంటుంది. చిగురు కూడా తెగి అగ్గిపుల్లలా కాడ మాత్రమే మిగిలితే, దాన్ని లెక్కలోంచి తీసేయండి. కందిలో, శనగలో పప్పుబద్దలు మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ.

ఇక లెక్క. నాలుగు మీటర్ల తాడు తీసుకుని నాలుగు పుల్లలకు చుట్టి, మీటరు చదరం చేయండి. ముప్పై సెంటీమీటర్ల వరసల్లో పది సెంటీమీటర్లకో మొక్క ఉంటే ఆ చదరంలో 33 మొక్కలుండాలి. గట్టు వార వదిలేసి చేను లోపల అయిదు చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. 22కు పైన వస్తే చేను జోలికి పోవద్దు, ఉన్న మొక్కలే కొమ్మలేసి సందు నింపుకుంటాయి. అంతకన్నా తగ్గితే బోడి పడిన చోటే, వారం లోపల, పదునున్నప్పుడు మళ్ళీ గింజ పెట్టండి. పెసర కాయ ఎలాగూ రెండు మూడు దఫాలు కోస్తారు, వెనకబడిన మొక్కలు ఆఖరి కోతకు అందుతాయి.

కాపలా విత్తిన మూడో రోజు నుంచి, రెండాకులు బాగా విచ్చుకునేదాకా, దాదాపు పది రోజులు పెట్టాలి. రోజంతా అక్కర్లేదు. పొద్దు పొడిచాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు చాలు. నడి ఎండలో పిట్టలు చెట్ల నీడన చేరతాయి.

పక్క చేలో మొక్కజొన్న ఉంటే ఒక మాట. మొలక వేరుతో సహా పీకి పడేసి, కింద గింజ లేకుండా కనబడితే అది పావురం పని కాదు. కాకో, గోరింకో, నెమలో అయి ఉంటుంది. మొలక ఉన్న చోట గుంట తవ్వి, పొట్టు మిగిలి ఉంటే ఎలుక. ఏదో తేల్చుకోకుండా మందు కొనకండి.

ప్రశ్న: ఎయిర్‌గన్ కొంటే లైసెన్సు అక్కర్లేదంటున్నారు. నాలుగు పావురాలను కొడితే మిగతావి రావంటున్నారు. నిజమేనా?
– ఆమదాలవలస నుంచి

జవాబు: రెండూ సగం సగం మాటలే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు (4.5 మిల్లీమీటర్లు) దాటినా, గుండు బయటికి వచ్చే శక్తి 20 జౌళ్ళు దాటినా ఎయిర్‌గన్‌కు లైసెన్సు కావాలి. దానికన్నా చిన్నది ఇంట్లో ఉంచుకోవడం వేరు, దానితో ఏ పిట్టను కొడుతున్నారన్నది వేరు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం పాత షెడ్యూళ్ళలో (జాబితాల్లో) పావురాల జాతి వరకు రక్షణ నుంచి విడిగా తీసింది మన మిల్లుల్లో, గుళ్ళలో కనబడే నీలం పావురాన్ని ఒక్కదాన్నే. గువ్వలు, పచ్చపావురాలు, చిలకలు రక్షణ జాబితాలోనివి. చేలో దిగే గుంపులో పావురం, గువ్వ కలిసే ఉంటాయి. యాభై గజాల నుంచి రెంటినీ విడదీసి కొట్టే కన్ను ఎందరికుంది? 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక, హానికర జంతువులని విడిగా ఉన్న షెడ్యూలు పోయింది. దాంతో కాకికి, ఎలుకకు ఉన్న పాత ముద్ర కూడా పోయింది. నిలిచిన పంటకు ముప్పుందని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం చట్టంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. పంట రక్షణకని తెచ్చుకున్న నాటు తుపాకీ లైసెన్సు ఆ అనుమతికి బదులుగా పనికిరాదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా లాభం లేదు. తుపాకీ మోతకు లేచిన గుంపు ఒక చుట్టు తిరిగి, అరగంటలో చేను రెండో చివరన దిగుతుంది. పావురం ఏడాది పొడుగునా రెండేసి గుడ్లు పెడుతుంది. మీరు నాలుగు కొడితే ఆ ఖాళీ పక్క ఊరి పిట్టలతో నిండుతుంది. గురి తప్పిన గుండు మాత్రం గట్టు అవతల కలుపు తీసేవాళ్ళ వైపు పోతుంది.

కార్బైడ్ గొట్టం గురించి అడిగినవాళ్ళకు కూడా ఇక్కడే చెబుతున్నాం. ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడ్, నీళ్ళు కలిపి పేల్చేది చేలో వాడొద్దు. పేలలేదేమని గొట్టంలోకి తొంగి చూసినప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లల కళ్ళు దెబ్బతిన్నది దీనివల్లే. గింజల్లో గుళికల మందు కలిపి చల్లడం ఇంకా పెద్ద నేరం.

ప్రశ్న: మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ పొలాల్లో పావురాల వేట ఉంటుందట, వసంతంలో మాత్రం అది మందగిస్తుందట. ఇక్కడా అంతే. ఫాల్గుణంలో పిట్ట కనబడదు, మొక్కజొన్న కళ్ళంలో పోయగానే ఊడిపడతాయి. మధ్యలో ఎక్కడికి పోతాయి?
– బొబ్బిలి నుంచి

జవాబు: అక్కడిది మన పావురం కాదు. మెడమీద తెల్లమచ్చతో, మనదానికన్నా చాలా బరువుండే అడవి పావురం. పంట నష్టం ఆపడానికని ప్రభుత్వం సాధారణ అనుమతి ఇస్తుంది, దాని షరతులకు లోబడి కొడతారు. ఊరికే కాల్చరు. గుంపు ఎటునుంచి ఎటు పోతుందో ముందు రోజు చూసుకుని, ఆ దారి కింద కంచె వార వలగుడ్డతో మాటు కట్టుకుంటారు. మాటుకు ఇరవై, ఇరవై అయిదు మీటర్ల ఎదర నకిలీ పావురాలను గుర్రపు నాడా ఆకారంలో, గాలికి ఎదురుగా పెట్టి, మధ్యలో ఖాళీ వదులుతారు. పిట్ట గాలికి ఎదురు దిగుతుంది కాబట్టి ఆ ఖాళీలోకే వస్తుంది. వసంతంలో ఇదంతా ఎందుకు చప్పబడుతుందంటే, చలికాలమంతా మేసిన ఆవ జాతి పంట ఏపుగా లేచి పిట్ట దిగే చోటుండదు. బార్లీ, బఠాణీ విత్తిన చేలలో ఆ కాస్త రోజులే గింజ దొరుకుతుంది. మిగతా రోజుల్లో పిట్టలు చెట్ల చిగుళ్ళకు, గడ్డి బీళ్ళకు చెదిరిపోతాయి. వేటగాడు పొద్దున్నించీ మాటులో కూర్చుని, చివరికి ఫ్లాస్కులో టీ తాగి ఇంటికి పోతాడు.

మీ పిట్టలదీ అదే లెక్క. వరి కళ్ళాలు ఉన్నంతకాలం ఒకచోట మేశాయి. అవి అయ్యాక బీళ్ళలో గడ్డిగింజలకు, మిల్లుల చుట్టూ ఒలికిన నూకకు చెదిరాయి. కంకులు ఎండబోయగానే మళ్ళీ ఒకచోటికి చేరాయి.

ఆ వేటలో తుపాకీ తీసేస్తే, దారి చూసే పద్ధతి మనకు పనికొస్తుంది. రెండు పొద్దులు గట్టుమీద కూర్చుని, గుంపు ఏ మిల్లు నుంచో ఏ వంతెన కింద నుంచో లేచి, ఏ తాటిచెట్ల మీదుగా చేలోకి వస్తుందో చూడండి. ఆ దారి దాదాపు మారదు. డబ్బా కొట్టే మనిషిని చేను నడుమ కాక, ఆ దారి చేలోకి దిగే అంచున నిలబెట్టండి. గుంపు దిగకముందే మళ్ళించాలి. ముందు దిగేవి రెండు మూడే, మిగతావి వాటిని చూసి దిగుతాయి. నకిలీ పావురం పని చేసేది కూడా అందుకే. ఆ మొదటి రెండింటిని లేపితే యాభై లేచినట్టే.

ప్రశ్న: రాజాం దగ్గర ఎకరం పొద్దుతిరుగుడు వేశాం. గింజ పాలు పడుతుండగానే చిలకలు దిగుతున్నాయి. మెరుపు రిబ్బను కట్టాం, వారం పని చేసి ఆగిపోయింది.

జవాబు: బహుశా ముందే కట్టారు. పువ్వు విచ్చిన రోజే కడితే, గింజ గట్టిపడే వేళకు చిలక దానికి అలవాటు పడుతుంది. పూరేకులు రాలి గింజ పాలు పట్టేటప్పుడు కట్టండి. ఎరుపు, వెండి రంగుల రిబ్బనును ఉత్తర దక్షిణాలుగా లాగాలి, అప్పుడే ఉదయం ఎండ, సాయంత్రం ఎండ దాని మీద పడి మెరుస్తాయి. పువ్వులకు ఒక అడుగు పైన, పది మీటర్లకో కర్ర, వరసకూ వరసకూ అయిదు మీటర్లు. కర్రకూ కర్రకూ మధ్య రెండు మూడు మెలికలు తిప్పండి. మెలిక లేకపోతే గాలికి మోగదు. మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదులైతే పువ్వుకు చుట్టుకుంటుంది. చదరంగా ఉన్న ఎకరానికి పద్నాలుగు వరసలు, దాదాపు తొమ్మిది వందల మీటర్ల రిబ్బను, వంద కర్రలు పడతాయి.

రిబ్బను ఒక్కటే చాలదు, పొద్దున, సాయంత్రం మనిషి తిరగాలి. చిలక దాడి చెట్లు, కరెంటు తీగలు ఉన్న వారన మొదలవుతుంది. వచ్చే ఏడాది ఆ వారన పది వరసలు మొక్కజొన్న వేయండి. పక్క రైతులతో కలిసి ఒకేసారి విత్తండి, ఒంటరి ఎకరం మీదే గుంపంతా వాలుతుంది. పువ్వు వెనక భాగం నిమ్మపసుపు రంగుకు తిరగ్గానే కోసేయండి. చేలోనే ఎండనిద్దామని ఆగే పది రోజులూ చిలకకే. పువ్వుకు ప్లాస్టిక్ సంచి కట్టొద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

ప్రశ్న: మిల్లు రేకుల కింద పావురాలు గూళ్ళు పెట్టాయి. ఎలా మూయాలి?
– నరసన్నపేట నుంచి

జవాబు: అయిదు సెంటీమీటర్ల కన్నుండే నైలాన్ వల చాలు, పావురం దూరదు. పిచ్చుకలు కూడా రాకూడదంటే రెండు సెంటీమీటర్లకు తక్కువ కన్ను కావాలి. వల వదులుగా వేలాడకూడదు, పిట్ట చిక్కుకుని చస్తుంది. అంచున తీగ బిగించి, దానికి వల కట్టండి. రెట్ట ఊడ్చేముందు నీళ్ళు చల్లి తడపండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఎండు రెట్ట దుమ్ముతో ఊపిరితిత్తులకు బూజు జాతి జబ్బులు వస్తాయి. వల వేసే ముందు నిచ్చెన ఎక్కి గూళ్ళు చూడండి. గుడ్డు పొదగడానికి పదిహేడు, పద్దెనిమిది రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో అయిదు వారాలు పడుతుంది. పిల్లలుండగా మూస్తే అవి లోపలే చచ్చి, వాసనకు మిల్లులో ఎవరూ నిలవలేరు. గూళ్ళున్న వైపు ఆపి, ముందు ఖాళీగా ఉన్న వైపు మూయండి.