పాత జపాన్ బండికి కంపెనీ సామానే ఎందుకు వెయ్యాలి?

ముప్పై ఏళ్లు దాటిన జపాన్ స్పోర్ట్స్ కారును బాగు చేయించేటప్పుడు ఒరిజినల్ విడిభాగాల కోసం ఊళ్లు తిరగడం అవసరమా, బజారులో దొరికే కొత్త సామాను వేస్తే సరిపోదా అని మీరు అడిగారు. నా దగ్గర స్కైలైన్ లేదు, సుప్రా లేదు. హన్మకొండలో మా వరండాలో ఉన్నది 1992 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. మా బాపు కొన్న బండి. ఏపీ 36 నంబరుతో ఇప్పటికీ రోడ్డు మీద తిరుగుతోంది. కారైనా బైకైనా ఈ విషయంలో నా జవాబు ఒక్కటే: లోహంతో చేసినది కంపెనీదే వెయ్యండి. కొలత చెడకుండా ఉంటే, వాడిన కంపెనీ సామాను కూడా కొత్త డూప్లికేట్ కంటే మేలు. రబ్బరు సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

ఇది నాకు ములుగు రోడ్డు మీద తెలిసింది. 2020 జనవరిలో, జాతర రద్దీ మొదలుకాక ముందే మేడారం వెళ్లి వద్దామని నేనూ మా ఇంటావిడా తెల్లవారుజామున బయలుదేరాం. అమ్మవార్లకు సమర్పించే బంగారం, అంటే బెల్లం, రెండు కిలోలు సంచిలో కట్టి ట్యాంకు మీద పెట్టుకున్నాను. అంతకు రెండు నెలల ముందే వరంగల్‌లో ఒక పెద్ద షెడ్డులో ఇంజను విప్పించి, పిస్టన్ కదిలే గొట్టాన్ని, అంటే బోరును, కాస్త పెద్దది చేయించి, దానికి తగ్గట్టు 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజు పిస్టన్ వేయించాను. "కంపెనీదే సార్, చూసుకునే పని లేదు" అన్నారు. డబ్బా అడిగితే పారేశామన్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆత్మకూరు దాటాం, మల్లంపల్లి దాటాం. గట్టమ్మ గుడి ఇంకొంచెం దూరం ఉందనగా బండి లాగుడు తగ్గింది. నాలుగో గేరులో వెనుక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు అనిపించింది. నేను యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాను. కిర్రుమని ఒక చప్పుడు, ఆ వెంటనే వెనుక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కడంలో క్షణం ఆలస్యమైనా ఇద్దరం తారు మీద పడేవాళ్లం. బండి పక్కకు జారుకుంటూ పోయి టేకు చెట్ల దగ్గర ఆగింది. కాలిన ఆయిల్ వాసన, వేడి లోహం వాసన. మా ఇంటావిడ బెల్లం సంచి గుండెలకు హత్తుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందు తల్లికి కొబ్బరికాయ కొట్టి వద్దాం, బండి సంగతి తర్వాత చూద్దాం" అంది. గట్టమ్మ దాకా నడిచి వెళ్లాం. ఆ రోజు మేడారం వెళ్లలేకపోయాం. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి కాజీపేటకు తెచ్చాను.

కాజీపేటలో నాకు తెలిసిన ఉస్తాద్ ఒకరున్నారు. చిన్న రేకుల షెడ్డు, బోర్డు కూడా ఉండదు. ఆయన హెడ్డు విప్పి, బ్లాకును రెండు చేతులతో పైకి లేపి, పిస్టన్‌ను పాత తువ్వాలు మీద పెట్టారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పైది మూడు ముక్కలై ఉంది. "సార్, ఇక్కడ గోరు పెట్టి చూడండి" అన్నారు. మా బండిది టూ స్ట్రోక్ ఇంజను, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితే ఒక విడత పని పూర్తయ్యేది. దాని పిస్టన్‌లో రింగు కూర్చునే గాడిలో ఆవగింజ కంటే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. రింగు రెండు కొసలూ ఆ పిన్ను దగ్గర కలుసుకోవాలి. ఎందుకంటే ఈ ఇంజనులో బోరు గోడకు కిటికీల్లాంటి పోర్టులు ఉంటాయి. రింగు తన గాడిలో గుండ్రంగా తిరిగితే దాని కొస ఏదో ఒక కిటికీలోకి పొడుచుకుని విరుగుతుంది. అలా తిరగకుండా ఆపేది ఆ పిన్నే. నా పిస్టన్‌లో పిన్ను లేదు. అది ఉండవలసిన చోట ఒక గుంత మిగిలింది. సైలెన్సర్ వైపు పోర్టు అంచు చిట్లి, బోరు పొడవునా గీతలు పడ్డాయి. యాభై కిలోమీటర్ల దూరం కూడా ఓర్చుకోలేని ఆ పిన్నును నమ్ముకుని నేను భార్యను వెనుక కూర్చోబెట్టుకుని అడవి దారిలో వెళ్లాను.

ఇంకొకటి కూడా ఉస్తాదే చూపించారు. ఆ షెడ్డువాళ్లు ఆయిల్ పంపు పీకేశారు. ఆ సంగతి నాతో ఒక్క మాటైనా చెప్పకుండా, పెట్రోలు ట్యాంకులోనే 2టి ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజను ఆయిల్, కలుపుకోమని మాత్రం అన్నారు. ఆర్‌ఎక్స్‌లో ఆటోల్యూబ్ అనే ఏర్పాటు ఉంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఒక కేబులు పంపును కూడా తిప్పుతుంది. వేగాన్ని బట్టి, భారాన్ని బట్టి ఆయిల్ దానంతట అదే పెరుగుతుంది, తగ్గుతుంది. దాన్ని పీకేస్తే ఎక్కాలన్నా దిగాలన్నా ఒకటే పాళ్లు. పంపు బిగించాక గొట్టంలోని గాలి బుడగలు పోయేదాకా ఓపికగా ఆయిల్ కార్చాలి. ఆ పావుగంట పనికి బద్ధకించి మన మెకానిక్కులు ఊళ్లలో ఎన్ని బళ్ల పంపులు తీసేశారో లెక్కలేదు. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. సైలెన్సర్లు కోసేవాళ్ల మీదా అంతే కోపం. టూ స్ట్రోక్ ఇంజనుకు సైలెన్సర్ లోపలి ఆకారం కూడా ఇంజనులో భాగమే. దాన్ని కోస్తే శబ్దం పెరుగుతుంది, లాగుడు పోతుంది. పైగా ఆ కోసిన బండినే రీల్స్‌లో చూపించి లక్షకు పైగా ధర చెబుతున్నారు.

కంపెనీ పిస్టన్ కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ అంతా తిరిగాను. ఢిల్లీ కరోల్ బాగ్ కొట్లకు ఫోన్లు చేశాను. చివరికి జమ్మికుంటలో, మూసెయ్యబోతున్న ఒక పాత విడిభాగాల కొట్టులో దొరికింది. పెద్దాయన అటక మీద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించారు. నూనె కాగితంలో చుట్టిన 0.75 పిస్టన్. తల మీద బాణం గుర్తు. ఆ బాణం సైలెన్సర్ వైపు ఉండేలా బిగించాలి. గాడిలోని పిన్నును గోరుతో నొక్కి చూశాను, కొండలా నిలబడింది. పక్కనే 1.00 సైజుది కూడా ఉంటే రెండూ కొన్నాను. "ఆ పెద్దది ఇప్పుడు ఏం చేసుకుంటారు సార్?" అని ఆయన అడిగారు. ఇంకో పదిహేనేళ్ల తర్వాత కావాలని చెప్పాను. ఈ బోరు మొదట 50 మిల్లీమీటర్లు, 0.25 చొప్పున నాలుగుసార్లు మాత్రమే పెంచుకోవచ్చు. తొందరపడి చేయించిన ప్రతి బోరూ బండి ఆయుష్షులో కోత. లేత్ వాళ్లకు ముందు పిస్టన్ చేతికిచ్చి, దాని కొలత తీసుకున్నాకే బోరు చేయమనండి. కాగితం మీద రాసిన సైజుకు బోరు చేసి, తర్వాత దొరికిన పిస్టన్ దూర్చే లేతుల దగ్గరికి పోకండి.

ఇప్పుడు రబ్బరు. అదే జమ్మికుంట పెట్టెలో క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండు కొసలకూ వేసే రబ్బరు ఆయిల్ సీళ్లు కూడా కంపెనీవే ఉన్నాయి. ఉస్తాద్ వాటిని వేళ్లతో వంచితే అంచు పగిలింది. కరెంటు పుట్టించే మాగ్నెట్ వైపు సీలు గట్టిపడితే ఇంజను బయటి గాలి పీల్చి వేడెక్కుతుంది. గేర్ బాక్సు వైపుది పోతే గేర్ ఆయిల్ తాగి తెల్లని పొగ కక్కుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరుకు అది ఇంకా పడదు. కాబట్టి సీళ్లు, పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు ఈ మధ్య తయారైనవే వెయ్యండి. వీటిలో పాతదనానికి విలువ లేదు.

మీ కారు విషయంలో మీకొక అదృష్టం ఉంది. నిస్సాన్ 2017లో ఆర్32 స్కైలైన్ జీటీఆర్ విడిభాగాలు మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది. టొయోటా 2020 నుంచి ఏ70, ఏ80 సుప్రాలకు ఇస్తోంది. మజ్దా తన మొదటి తరం రోడ్‌స్టర్ కోసం పైకప్పు గుడ్డ, చెక్క స్టీరింగు, ఆనాటి టైర్లు కూడా మళ్లీ చేయించింది. పాత బండిని అలా గౌరవించాలి. 1985 నుంచి 1996 దాకా తయారై, మన ఊళ్లలో ఇన్ని ఇళ్ల ముందు నిలబడ్డ ఆర్‌ఎక్స్‌కూ ఆ గౌరవం దక్కాలని నా కోరిక. మన దేశంలో 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నా బండికి ఆ వయసు 2042లో వస్తుంది. 1.00 పిస్టన్ బీరువాలో ఉన్నది అందుకే.

మీరు బండిని ఏ షెడ్డులో ఇచ్చినా సరే, విప్పిన పాత సామాను, కొత్త సామాను డబ్బాలు రెండూ తిరిగి ఇస్తారా అని ముందే అడగండి. ఇవ్వమంటే బండి వెనక్కి తిప్పుకుని రండి. ఆ పిన్ను ఊడిన పిస్టన్ నా బల్ల మీదే ఉంది. హన్మకొండ వైపు వస్తే చెప్పండి, చూపిస్తాను.