తంబూర ఆగినా చెవిలో శ్రుతి ఆగడం లేదు... ఖరీదైన ఇయర్‌బడ్స్ కొనాలా?

ప్రశ్న: నా వయసు 63. కర్నూలులో తెలుగు పండితుడిగా పని చేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతమంటే ప్రాణం. రెండేళ్ల క్రితం మా అబ్బాయి ఇయర్‌బడ్స్ కొనిచ్చాడు. తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనమయ్యాక, రాత్రి పడుకున్నాక అన్నీ కలిపి రోజుకు ఐదు గంటలు పాత కచేరీలు వింటున్నాను. నెలకు రెండుసార్లు బస్సులో హైదరాబాద్ వెళ్లేటప్పుడు దారంతా వింటాను. మూడు నెలలుగా, ఇయర్‌బడ్స్ తీసేశాక కూడా ఎవరో తంబూర మీటుతున్నట్టు సన్నని మోత వినిపిస్తోంది. ఎడమ చెవిలో పాట కాస్త తక్కువగా ఉంది, దురద కూడా ఉంది. ఇవి నాసిరకంవని, పదిహేను వేలు పెట్టి మంచివి కొనుక్కోమని మిత్రులు అంటున్నారు. కొంటే ఈ బాధ పోతుందా? అసలు వినడమే మానేయాలా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మాస్టారూ, మానేయమని నేను చెప్పను. శ్రీపాద పినాకపాణి గారు వైద్యం చేస్తూ, శిష్యులకు సంగీతం చెబుతూ జీవించిన ఊరు మనది. ఈ ఊళ్లో ఒక డాక్టరు పాట వినవద్దని చెప్పవలసి రావడం నాకు ఇష్టం లేదు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు మీరు చేయవలసిన పనులు రెండున్నాయి. ఒకటి ఇంట్లో, ఈ రోజే. రెండోది ఈఎన్‌టీ డాక్టరు దగ్గర, ఈ వారంలోనే.

ముందు ఇంటి పని. మీరు వినే పాత కచేరీలు చాలావరకు మోనో రికార్డింగులు. రెండు వైపులా ఒకే ధ్వని వస్తుంది కాబట్టి గాయకుడి గొంతు తల మధ్యలో నిలిచినట్టు వినిపించాలి. మీకు అది కుడి పక్కకు ఒరిగి ఉంటుంది. ఇప్పుడు ఎడమ ఇయర్‌బడ్‌ను కుడి చెవికి, కుడిదాన్ని ఎడమ చెవికి మార్చి, చేత్తో పట్టుకుని ఒక్క నిమిషం వినండి. సరిగ్గా అమరవు, పర్వాలేదు. గొంతు ఎడమకు ఒరిగితే లోపం ఇయర్‌బడ్‌లో ఉంది. అప్పటికీ కుడి వైపే ఉంటే లోపం మీ చెవిలో ఉంది.

ఇయర్‌బడ్‌లో అయితే సిలికాన్ తొడుగు తీసి, వెలుతురులో దాని మూతి చూడండి. అక్కడ ఆవగింజ కన్నా కాస్త పెద్దదైన జాలీ ఉంటుంది. దాని మీద తేనెరంగు మైనంలా అతుక్కున్నది మీ చెవి గులిమే. సగం జాలీ మూసుకుపోతే సగం పాట పోతుంది. మూతిని కిందికి వంచి పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని టూత్‌బ్రష్‌తో రాలగొట్టండి. సూది గుచ్చవద్దు, నీళ్లు తగలనివ్వవద్దు. తొడుగులను మాత్రం విడిగా సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి. నా దగ్గరకు ఇయర్‌బడ్ పాడైందని దిగులుపడుతూ వచ్చినవాళ్లలో కొందరికి ఈ బ్రష్షే సరిపోయింది.

లోపం చెవిలో ఉంటే మొదట అనుమానించవలసింది గులిమినే. అది దానంతటదే నిదానంగా బయటికి జరిగి రాలిపోయే పదార్థం. రోజూ ఐదు గంటలు దారికి అడ్డంగా బిరడా పెడితే ఎలా వస్తుంది? పైగా పెట్టిన ప్రతిసారీ దాన్ని కాస్త లోపలికి నెడుతున్నాం. చెవి నాళం పొడవే సుమారు రెండున్నర సెంటీమీటర్లు, ఆ చివర కర్ణభేరి. దురద ఉందంటున్నారు కాబట్టి బూజు, అంటే ఫంగస్ కూడా చేరి ఉండవచ్చు. మన ఎండలకు చెవిలో చెమట పడుతుంది, పైన సిలికాన్ మూత, లోపల గాలి ఆడదు. ఆ దురదకు మన ఇళ్లలో వెచ్చని నూనె చుక్క వేయడం, పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో తిప్పడం అలవాటు. దయచేసి ఈ రెండూ చేయవద్దు. నూనె తేమ బూజుకు అనుకూలం, పుల్ల గీసిన చోట పుండు పడుతుంది. దురద తగ్గేవరకు చెవి లోపలికి దూరే ఏ పరికరమూ పెట్టకండి. ఆ రోజుల్లో గదిలో చిన్న స్పీకరు మీద వినండి.

ఇక తంబూర మోత. దీన్ని మేము టిన్నిటస్ అంటాం. గులిమి అడ్డుపడినా ఇది రావచ్చు. అలాగైతే శుభ్రం చేయించాక తగ్గవచ్చు. నన్ను ఆలోచింపజేస్తున్నది రెండో కారణం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో పుట్టుకతో వచ్చేవి సుమారు 15 వేల రోమకణాలు. ధ్వనిని నాడీ సంకేతంగా మార్చే పని వాటిది. పెద్ద ధ్వని గంటల తరబడి పడితే అవి అలసిపోతాయి, తర్వాత చచ్చిపోతాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు.

ధ్వని ఎంత పెద్దదో డెసిబెళ్లలో కొలుస్తారు. చెవికి హాని లేకుండా వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క పెద్దలకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. మీరు వారానికి 35 గంటలు వింటున్నారు. 80 లోపల అయితే మీ ఐదు గంటలకు నాకు పెద్ద అభ్యంతరం లేదు. 86 దగ్గర అయితే సోమవారం మొదలుపెట్టిన కోటా మంగళవారం రాత్రికే అయిపోతుంది, మిగతా ఐదు రోజులూ మీ చెవి అప్పు మీద నడుస్తోంది. కొన్ని ఫోన్లు వింటున్న ధ్వని ఎన్ని డెసిబెళ్లో చూపిస్తాయి. మీ ఫోన్లో ఉందేమో మీ అబ్బాయిని అడగండి. శబ్దం ఒక స్థాయి దాటకుండా ఆపే ఏర్పాటు కూడా చాలా ఫోన్లలో ఉంది, దాన్ని పెట్టించుకోండి.

వాల్యూమ్ ఎందుకు పెంచుతున్నారో కూడా చూడాలి. మీరు పండితులు కాబట్టి ఇది మీకు సులభంగా అందుతుంది. వయసుతో మొదట తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల, అంటే సన్నని కీచు ధ్వనుల వినికిడి. అచ్చుల బలమంతా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, స, శ, చ, త వంటి హల్లుల పదును పైన ఉంటుంది. అందుకే రాగం చక్కగా వినిపిస్తూనే సాహిత్యంలో అక్షరాలు మసకబారతాయి. అక్షరం కోసం వాల్యూమ్ పెంచితే అచ్చులు బిగ్గరవుతాయి, హల్లులు మాత్రం అంతగా తేటపడవు. ఆ పెంచిన ధ్వని మిగిలిన రోమకణాలను కూడా దెబ్బతీస్తుంది.

రెండో కారణం కచేరీ తీరు. సన్నగా మొదలైన ఆలాపన కోసం వాల్యూమ్ పెంచుతాం, మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం వచ్చేసరికి తగ్గించడం మరచిపోతాం. అందుకని ముందు తని ఆవర్తనం దగ్గరికి వెళ్లి, అక్కడ చెవికి హాయిగా ఉన్నంత పెట్టుకుని, ఆ తర్వాత కచేరీ మొదట్లో పాడే వర్ణానికి తిరిగి రండి. ఆలాపన చిన్నగా వినిపిస్తే పది నిమిషాలు ఓపిక పట్టండి. చెవి దానికి సర్దుకుంటుంది.

మూడోది చుట్టూ ఉన్న రొద. బస్సు ఇంజను మీద పాటను గెలిపించడానికి పెంచే వాల్యూమే అన్నిటికన్నా ప్రమాదం. ఇక్కడే మంచి ఇయర్‌బడ్స్ నిజంగా పనికొస్తాయి. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవాటిలో మైకు బయటి రొదను పట్టుకుని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రద్దు చేస్తుంది. ఇంజను, ఫ్యాను, ఏసీ వంటి ఎడతెగని మోత మీద బాగా పని చేస్తుంది, మాటల మీద, హారన్ల మీద అంతగా చేయదు. బస్సులో దీన్ని వేసుకుని, వాల్యూమ్ తగ్గించండి. తగ్గించకపోతే వేసుకున్న ఫలితం లేదు. కొండారెడ్డి బురుజు దగ్గర రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఇయర్‌బడ్స్ జేబులో ఉండాలి.

కొనేటప్పుడు చెవికి అమరిక మొదట చూడండి. తొడుగు నాళాన్ని సరిగ్గా మూయకపోతే తక్కువ పౌనఃపున్యాలు బయటికి కారిపోతాయి. మృదంగంలో తొప్పి, అంటే ఎడమ వైపు నాదం డొల్లగా, డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తే పరికరాన్ని తిట్టవద్దు, ఒక సైజు పెద్ద తొడుగు వేసి చూడండి. పెట్టెలో కనీసం మూడు సైజులుంటాయి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి వేరే సైజు కావలసినవాళ్లు కూడా ఉన్నారు. బేస్ ఎక్కువ అని గొప్పగా చెప్పేవి మీకు వద్దు. వాటిలో మృదంగం గాత్రాన్ని మింగేస్తుంది, మీరు గాత్రం కోసం మళ్లీ వాల్యూమ్ పెంచుతారు. పెట్టె మీద 40,000 హెర్ట్జ్ అని రాసి ఉన్నా మన వయసులో చాలామందికి 12,000 దాటితే వినిపించడమే కష్టం. బ్లూటూత్‌లో పాటను పంపే పద్ధతులైన ఎల్‌డాక్, ఆప్టెక్స్ వంటి పేర్ల కోసం అదనంగా ఖర్చు చేయకండి. పాత టేపులో లేని సూక్ష్మాన్ని ఏ బ్లూటూత్ కూడా తేలేదు. మీ మిత్రులు చెప్పిన ధరలో మూడో వంతుకే, అమరిక కుదిరి నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి దొరుకుతాయి.

రాత్రి పడుకున్నాక మాత్రం పెట్టుకోవద్దు. దిండు ఒత్తిడికి నాళం చర్మం ఒరుసుకుపోతుంది, నిద్రలో అది గంటలకొద్దీ మోగుతూనే ఉంటుంది. నిశ్శబ్దంలో మోత ఎక్కువగా తెలుస్తోందంటే, గదిలో స్పీకరు మీద తంబూర శ్రుతిని వినీ వినపడనంత తక్కువగా పెట్టుకోండి. లోపలి మోత వెనక్కి తగ్గినట్టుంటుంది, నిద్ర పడుతుంది.

ఇప్పుడు రెండో పని. మన ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని ఈఎన్‌టీ విభాగంలో గానీ, మీకు నమ్మకమున్న డాక్టరు దగ్గర గానీ చెవి చూపించుకుని, గులిమి ఉంటే తీయించుకుని, ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి. 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కో స్వరాన్ని ఎంత సన్నగా వినగలరో అందులో గీత గీస్తారు. 4,000 దగ్గర గీత లోయలా దిగితే పెద్ద ధ్వని చేసిన గాయమని అనుమానిస్తాం. ఎడమ చెవి ఒక్కటే బాగా వెనకబడి ఉంటే స్కాన్ కూడా అడగవచ్చు, భయపడకండి. ఒకవైపే తగ్గినప్పుడు నాడిని చూడడం మా పద్ధతి. బీపీ, షుగర్ ఉంటే చెప్పండి, వాడుతున్న మందుల చీటీ చూపించండి. కొన్ని మందులు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ సహా, ఈ మోతను తెస్తాయి.

ఒక్క విషయంలో వారం కూడా ఆగవద్దు. ఏ రోజైనా నిద్ర లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే గులిమేలే అనుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. అలాంటి వినికిడి నష్టానికి మందు మొదటి రెండు మూడు రోజుల్లో మొదలుపెడితేనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

పరీక్షకు ముందు రోజంతా ఇయర్‌బడ్స్ పెట్టుకోకండి. అలసిన చెవి తప్పు లెక్క చూపిస్తుంది. వెళ్లేటప్పుడు మాత్రం వాటిని వెంట తీసుకెళ్లి, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో ఒక కీర్తన పెట్టి డాక్టరు గారిని కూడా ఒక నిమిషం వినమనండి.