12 వేల గేర్ సైకిల్ కొండెక్కుతుందా?

ప్రశ్న: 12 వేలకు ముందూ వెనకా సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగులు), 21 గేర్లున్న సైకిల్ చూశాను. ఆదివారాలు పాలకొండల వైపు తొక్కాలని ఆశ. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దండీ. ఆ ధరలో వెనక పెట్టే స్ప్రింగు బరువు పెంచడానికి తప్ప పెద్దగా పనికిరాదు, పైగా ఎత్తు ఎక్కేటప్పుడు మీరు పెడల్ మీద వేసే బలం కొంత దాని ఊగులాటకే పోతుంది. అదే డబ్బుకు వెనక స్ప్రింగు లేనిది, 7 గేర్లున్నా సరే, తీసుకోండి. షాపులోనే ముందు చక్రం పైకెత్తి తిప్పండి, రిమ్ము అటూ ఇటూ ఊగుతూ బ్రేకు రబ్బరుకు తగిలిందా, పక్కన పెట్టేయండి. సీటు దిగి రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే రాడ్డుకూ మీకూ మధ్య రెండంగుళాలైనా సందుండాలి. ఇక మన తుమ్మముళ్లు! వాటికి లక్ష రూపాయల సైకిలైనా ఒకటే, అందుకే ఓ రెండు వేలు మిగుల్చుకుని హెల్మెట్, స్పేర్ ట్యూబు, చేతిపంపు కొనండి.