టెక్ సందేహాలు: అమెరికా ఫ్లైట్ ఎక్కేముందు పాత సిమ్ సంగతి చూడండి

ఆగస్టులో కాలేజీలు మొదలవుతాయి కాబట్టి ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు అమెరికా ప్రయాణాల గురించే. లాప్‌టాప్ ఏది కొనాలని చాలామంది అడిగారు. అది కాలేజీకి వెళ్లి సీనియర్లను కనుక్కున్నాక కొనుక్కున్నా కొంప మునిగేదేం లేదు. ఇక్కడుండగానే తేల్చుకోవాల్సిన సంగతులు వేరే ఉన్నాయి, వాటినే ముందు తీసుకుంటున్నాను.

మా అబ్బాయి డాలస్ దగ్గర డెంటన్‌లో ఎంఎస్ చేయడానికి వెళ్తున్నాడు. అక్కడికెళ్లాక ఇక్కడి నంబరు ఎలాగూ వాడడు కాబట్టి రీఛార్జి ఆపేద్దామనుకుంటున్నాం. కొత్త ఫోను ఇక్కడ కొనాలా, అక్కడ కొనుక్కోమనాలా? (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

ఆపకండి. దయచేసి ఆపకండి. మీ అబ్బాయి బ్యాంకు ఖాతా, ఎడ్యుకేషన్ లోన్, ఆధార్, పాన్, ఇన్‌కంటాక్స్ లాగిన్ అన్నీ ఆ పది అంకెల మీదే నడుస్తున్నాయి. ఆధార్ మెసేజ్‌లైతే అమెరికా నంబరుకి రావు.

మా అక్క కూతురు కూడా డెంటన్‌లోనే చదివింది. వెళ్లిన నాలుగో నెలలో రీఛార్జి అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా రెండో సెమిస్టర్ ఫీజు కట్టే వారంలో లోన్ డబ్బు విడుదల కావాలంటే ఓటీపీ కొట్టమంది ఆ బ్యాంకు సైటు. నంబరేమో చచ్చిపోయింది. మా బావ మూడు రోజులు బ్రాంచి చుట్టూ తిరిగితే, ఖాతాదారే స్వయంగా రావాలన్న మాట తప్ప ఇంకేం దొరకలేదు. చివరికి రూమ్మేట్ల దగ్గర అప్పు చేసి, లేట్ ఫీజుతో కట్టింది. "మావయ్యా, ఒక్క మెసేజ్ కోసం ఇంత ఏడుపా" అని అర్ధరాత్రి ఫోన్ చేసింది, ఆ గొంతు నాకింకా గుర్తుంది. అందుకే ఈ ఒక్క ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సిమ్ మీద వరసగా 90 రోజులు కాల్ గానీ మెసేజ్ గానీ డేటా గానీ ఏదీ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి, అంతే. ప్లాన్ గడువు ముగిస్తే మెసేజ్‌లు రావడం అంతకన్నా ముందే ఆగిపోతుంది. ఆపేసిన నంబరును కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, మీవాడి బ్యాంకు మెసేజ్‌లు ఎవరో తెలియని మనిషికి వెళ్తాయి. డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఇచ్చే ప్లాన్లు తేవాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలను ఆదేశించింది, గడువు 365 రోజుల దాకా పెట్టుకోనిచ్చింది. అలాంటి ఏడాది ప్లాన్ ఒకటి వేసి, వచ్చే ఏడాది గడువు తేదీ మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. అతని ఫోన్లో కాదు, మీ ఫోన్లో. చదువు హడావుడిలో అతను మర్చిపోతాడు, మీరు మర్చిపోరు.

ప్లాన్ వేస్తే సరిపోదు, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి. ఇది ఇండియాలో ఉండగానే ఆపరేటర్ యాప్‌లోనో స్టోర్‌లోనో పూర్తిచేసి, ఆన్ అయిందన్న మెసేజ్ చూసి మరీ బయల్దేరమనండి. అక్కడ దిగాక ఇండియా సిమ్ ఆన్‌లోనే ఉండాలి, దాని డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి. రెండూ ఒకటే అనుకుని చాలామంది సిమ్మునే ఆపేస్తారు. జియో, ఎయిర్‌టెల్ లాంటివి రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌లకు డబ్బు తీసుకోవు. కాల్ వచ్చి ఎత్తితే మాత్రం మోత మోగుతుంది, కాబట్టి ఆ నంబరుకి ఇంట్లోవాళ్లెవరూ ఫోన్ చేయొద్దు. దిగిన రోజే మీరొక మామూలు మెసేజ్ పంపి అందిందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ పెట్టే ట్రేనే లేదు, అన్నీ ఈ-సిమ్ములే, అంటే విడిగా చిప్ లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్ములు. అక్కడ చవకని ఐఫోన్ కొంటే చేతిలో ఉన్న ఇండియా సిమ్ పెట్టుకునే చోటే ఉండదు. దాన్ని ఈ-సిమ్‌గా మార్చుకోవచ్చు గానీ, రేపు ఆ ఫోన్ పగిలితే మళ్లీ ఈ-సిమ్ తెచ్చుకోవడం విదేశం నుంచి పెద్ద తలనొప్పి. మామూలు సిమ్ అయితే తీసి ఇంకో ఫోన్లో వేసుకుంటే అయిపోతుంది. నా సలహా ఇండియా నంబరు ప్లాస్టిక్ సిమ్ మీద, అమెరికా నంబరు ఈ-సిమ్ మీద. రెండూ పట్టే ఫోన్ ఇక్కడే కొనండి.

కొనేముందు ఒక పరీక్ష ఉంది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ ఎత్తేశాయి, కాల్స్ అన్నీ వోల్టీ మీదే, అంటే 4జీ నెట్‌వర్క్ మీదే. ఇక్కడి తక్కువ రేటు ఫోన్లు కొన్నింట్లో అక్కడి బ్యాండ్లు, అంటే అక్కడి సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు, ఉండవు. ముఖ్యంగా 12, 71 నంబర్ల బ్యాండ్లు ఉన్నాయేమో చూడండి, లేకపోతే అపార్ట్‌మెంట్ లోపల సిగ్నల్ పోతుంది. ఫోన్లో *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. దాన్ని అక్కడ తీసుకోబోయే కంపెనీ సైట్లో కొడితే పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకుండానే ప్రీపెయిడ్ కనెక్షన్ దొరుకుతుంది కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

ఇంకొక్క మాట, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి కొత్త ఫోన్లో మొదలుపెట్టేటప్పుడు ఆ ఫోన్ నుంచే ఒక మెసేజ్ బయటికి వెళ్లాలి. విదేశంలో ఉన్నప్పుడు ఇది చాలాసార్లు ఇరుక్కుంటుంది. కొత్త ఫోన్లోకి మారే పని ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ముగించేయమనండి.

రైస్ కుక్కర్, మిక్సీ, ఇస్త్రీపెట్టె ఇక్కడివే తీసుకెళ్దామని అడాప్టర్ కొన్నాను. పనిచేస్తాయా? (విజయవాడ నుంచి)

పనిచేయవమ్మా. అడాప్టర్ పిన్నుల ఆకారమే మారుస్తుంది, కరెంటును మార్చదు. మనది 230 వోల్టులు, అక్కడిది 120. మన 700 వాట్ల కుక్కర్ అక్కడ పెడితే 190 వాట్ల దగ్గర ఆగిపోతుంది, బియ్యం నానతాయి తప్ప ఉడకవు. మిక్సీ అయితే ఇడ్లీ పిండికి తిరగనే తిరగదు. అక్కడి ఇండియన్ స్టోర్లలో అక్కడి కరెంటుకి తగ్గట్టు చేసిన మన మిక్సీలే అమ్ముతారు. ఏ వస్తువైనా వెనక చీటీ తిప్పి చూడండి, "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. లాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లకి దాదాపు ఉంటుంది. ఆ బరువుకి బదులు ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి, గ్యాస్కెట్లు రెండు ఎక్కువేసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యిలే కాబట్టి అడుగు చదునుగా ఉన్నదే తీసుకోండి.

పవర్ బ్యాంక్ చెకిన్ సూట్‌కేసులో వేయొద్దు, చేతి సంచిలోనే ఉండాలి. దాని సామర్థ్యం 100 వాట్ అవర్స్ దాటకుండా చూసుకోండి, 20,000 ఎంఏహెచ్‌ది అంటే సుమారు 74 వాట్ అవర్స్.

వీసా ఇంటర్వ్యూకి ముందు ఇన్‌స్టా డిలీట్ చేసేస్తే మంచిదని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమా? (హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

వద్దు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. రాయకుండా దాస్తే అది అబద్ధం చెప్పినట్టే, చిన్న విషయం కాదు. ఎఫ్, ఎం, జె వీసాలకు (చదువుకీ, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాములకీ ఇచ్చేవి) దరఖాస్తు చేసేవాళ్లు తమ ఖాతాలను పబ్లిక్‌గా పెట్టుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్‌లో చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాసి, పబ్లిక్ పెట్టండి. ఖాతా పబ్లిక్ అయితే వీసా అధికారే కాదు, మోసగాడు కూడా చూస్తాడు. ఇంటి అడ్రసు, ఆధార్, మార్కుల లిస్టు కనిపించే ఫొటోలుంటే తీసేయండి.

వీసా వచ్చాక పాస్‌పోర్టు పేజీని స్టేటస్‌లో పెట్టే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. దాన్ని పట్టుకుని కొన్ని కన్సల్టెన్సీలు పోస్టర్లు కూడా వేస్తాయి. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, ఫొటో ఒకేచోట దొరికితే దొంగకి ఇంకేం కావాలి? సంతోషం పంచుకోవాలంటే మీ ఫొటో పెట్టండి, పాస్‌పోర్టు లోపలే ఉండనివ్వండి.

డెంటన్‌లో రూమ్ ఆన్‌లైన్‌లో చూశాను. 600 డాలర్లు డిపాజిట్ జెల్‌లో పంపితే తాళాలు ఉంచుతామంటున్నారు. పంపనా? (గుంటూరు నుంచి)

పంపకండి. జెల్ అంటే అమెరికాలో బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి డబ్బు పంపే పద్ధతి. అందులో వెళ్లిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం, మన యూపీఐ లాగే వెళ్తే వెళ్లినట్టే. ముందు ఆ ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, అవే ఫొటోలు ఇంకో ఊరి ప్రకటనలో కనిపిస్తే అక్కడితో వదిలేయండి. అడ్రసును స్ట్రీట్ వ్యూలో తిప్పి చూడండి. తర్వాత వీడియో కాల్ అడగండి, రికార్డు చేసింది కాదు, లైవ్. గుమ్మం నుంచి వంటగది దాకా నడిచి, కుళాయి తిప్పి, కిటికీలోంచి బయట వీధి చూపించమనండి. అసలువాడైతే ఐదు నిమిషాల్లో చూపిస్తాడు. రేపటికల్లా డబ్బు రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తా అని తొందరపెడితే ఇచ్చేసుకోమనండి. తెలుగులో మాట్లాడాడు కదా అని నమ్మొద్దు, స్టూడెంట్ గ్రూపుల్లో మనవాళ్ల పేర్లతోనే ఈ మోసాలు జరుగుతున్నాయి. మొదటి పది రోజులు సీనియర్ల దగ్గర సర్దుకుని, కళ్లతో చూశాకే సంతకం పెట్టడం మేలు.

రూమ్ ఎంచుకునేటప్పుడు బస్సు స్టాపు ఎంత దూరమో మ్యాప్స్‌లో నడక మోడ్ పెట్టి చూడండి. అది కారు లేకపోతే కాళ్లు విరిగినట్టుండే ప్రాంతం. డెంటన్ నుంచి ఎ-ట్రైన్ అనే లోకల్ రైల్లో ట్రినిటీ మిల్స్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడ డాలస్ లోకల్ రైలు డార్ట్ గ్రీన్ లైన్ పట్టుకుంటే డాలస్ చేరొచ్చు. గోపాస్ యాప్ ఒక్కటి వేసుకుంటే టికెట్లన్నీ అందులోనే.

అమ్మాయి ఒక్కతే ఉంటుంది. తను ఎక్కడుందో ఎప్పుడూ నా ఫోన్లో కనిపించేలా ఏదైనా యాప్ పెట్టొచ్చా? (రాజమండ్రి నుంచి ఒక తల్లి)

మీ భయం అర్థమవుతోందమ్మా. తనకి తెలియకుండా మాత్రం ఏమీ పెట్టకండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఉంది, దేశం మారినా పనిచేస్తుంది. తనే ఇష్టపడి ఆన్ చేస్తే సరే, లేదంటే రాత్రి లైబ్రరీ నుంచి ఇంటికొచ్చే గంటసేపు ఆన్ చేయమని అడగండి, అమ్మాయిలు దానికి సాధారణంగా ఒప్పుకుంటారు. రూమ్మేట్ ఒకరి నంబరు, ఇంటి అడ్రసు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించుకోండి.

వైఫై కాలింగ్, అంటే సిగ్నల్ బదులు వైఫై మీద కాల్స్ వెళ్లే సదుపాయం, ఆన్ చేసేటప్పుడు అక్కడి కంపెనీ ఒక ఎమర్జెన్సీ అడ్రసు అడుగుతుంది. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి వైఫై మీద ఫోన్ చేస్తే ముందు కనిపించేది ఆ అడ్రసే కావచ్చు. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని మార్చమని చెప్పండి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

మీకూ ఒక జాగ్రత్త. "మీ అమ్మాయిని అరెస్టు చేశాం, డబ్బు పంపండి" అంటూ ఏడుపు గొంతు వినిపించే కాల్స్ వస్తున్నాయి, ఇప్పుడు ఏఐతో గొంతును కూడా అచ్చు దింపేస్తున్నారు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి, నేరుగా తనకే ఫోన్ చేయండి. డాలస్‌లో వేసవిలో మనకన్నా పదిన్నర గంటలు వెనక, నవంబర్ మొదటి ఆదివారం నుంచి పదకొండున్నర. అక్కడ నిద్రపోయే వేళైనా ఫోన్ ఎత్తేలా, డు నాట్ డిస్టర్బ్‌లో మీ నంబరుకి మినహాయింపు పెట్టించండి. మీ ఇద్దరికే తెలిసిన ఒక మాట కూడా అనుకోండి, చిన్నప్పుడు తనని ఇంట్లో పిలిచిన ముద్దుపేరో, మీ వీధిలో కుక్క పేరో, ఎక్కడా ఆన్‌లైన్‌లో లేనిది. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందే అనుకోండి.